జల్లెడ కింది పిండి

పొట్టుతో ఉన్న బార్లీ గింజను నేను అమెరికా వచ్చాకే చూశాను. జొన్న, సజ్జ, కొర్ర, రాగి, వరిగ, వీటిలో ఏది చేతిలో పోసినా కళ్లు మూసుకుని చెప్పగలను. బార్లీ మా కనిగిరి వైపు పండదు. ఒంట్లో వేడి చేసినవాళ్లకు దాని నీళ్లు కాచి పోస్తారని మాత్రమే తెలుసు. అలాంటిది రెండేళ్ల కిందటి వేసవిలో, బెంటన్‌విల్‌లో మా వంటింటి గట్టు మీద పది పౌండ్ల బార్లీ బ్యాగు ముందు నిలబడి, చాలా రోజుల తర్వాత నా చేతులకు పని దొరికిందని సంతోషపడ్డాను.

అంతకు పది రోజుల ముందు, మెమోరియల్ డే సెలవు మర్నాడు, మా ఆయన తేజేశ్వర్ పదిన్నరకే ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేశారు. మీటింగ్ పదిహేను నిమిషాలేనట. ఎక్కడినుంచో ఒక జాబితా వచ్చింది, అందులో నలభై పేర్లున్నాయి, ఒకటి ఈయనది. కారణం ఏమిటని అడిగితే, నీ పనితీరుకు దీనికి సంబంధం లేదన్నారట. ఆయన చేతిలో కాఫీ మగ్గు, చిన్న ముళ్ల మొక్క ఉన్న కుండీ ఉన్నాయి. కుండీని సింకు పక్కన పెట్టి, "అరవై రోజులు, వసూ," అన్నారు.

హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇచ్చే గడువు అది. ఆలోపు ఇంకో కంపెనీ తీసుకుని కాగితాలు వేయాలి. లేకపోతే దేశం వదలాలి. నాది ఆయన వీసా వెనక వచ్చిన వీసా. దాని మీద నేను ఉద్యోగం చేయకూడదు. కారు నడపడం అప్పటికి ఖాళీ పార్కింగ్ లాట్ వరకే వచ్చు, ఆ ఊళ్లో కారు లేకపోతే పాలు కూడా రావు. కాబట్టి ఆ అరవై రోజుల్లో నేను చేయగలిగినవి వండటం, వడ్డించడం, మాట్లాడకుండా ఉండటం. మూడోది నాకు చిన్నప్పటి నుంచీ బాగా వచ్చు.

ఆయన రోజూ ఉదయం ఏడింటికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చునేవారు. అప్లై చేసిన ఉద్యోగాలన్నీ ఒక షీట్‌లో వరసగా రాసుకున్నారు. చివరి గడికి ‘కారణం’ అని పేరు పెట్టారు. ఎక్కడినుంచైనా కుదరదని మెయిల్ వస్తే ఎందుకో అందులో రాయాలని. వారం తిరిగేసరికి పద్దెనిమిది వరసలు నిండాయి. ఆ గడి మాత్రం పైనుంచి కిందిదాకా తెల్లగానే ఉంది. ఎవరూ కారణం చెప్పరు.

మధ్యాహ్నాలు పాత మెయిళ్లు తవ్వేవారు. మార్చిలో ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఒకరోజు ఆలస్యమైందట, అదేనంటావా అని అడిగారు. ఇంకో రోజు, లంచ్‌కి వాళ్లతో వెళ్లేవాణ్ని కాదు, డబ్బా తెచ్చుకునేవాణ్ని, అదేమో అన్నారు. ఆ డబ్బా కట్టింది నేను.

"ఎక్కడో తప్పు చేసే ఉంటాను వసూ. ఎక్కడో తెలిస్తే చాలు, సరిచేసుకుంటాను."

"తినండి, చల్లారిపోతోంది," అన్నాను.

మాది రెండు వాటాల ఇల్లు. పక్క వాటాలో వేన్ అని డెబ్బై దాటిన పెద్దాయన ఒక్కడే ఉండేవాడు. స్కూలు బస్సులు బాగుచేసే పని చేసి రిటైరయ్యాడు. ఇరవై ఏళ్లపాటు గరాజ్‌లో బీరు కాచి, మోకాళ్లు అరిగిపోయి బరువులెత్తలేక మానుకున్నాడు. మా ఆయన ఓ సాయంత్రం డ్రైవ్‌వేలో ఊరికే నిలబడి ఉండటం చూసి తన సామానంతా తోసుకొచ్చి మా గరాజ్‌లో పెట్టాడు. కుళాయి బిగించిన నీలం రంగు కూలర్, పెళ్లి వంటకు సరిపోయేంత స్టీలు గిన్నె, గ్యాస్ పొయ్యి, మూతల బకెట్లు. చేతులకు పని ఉండాలి టీజే అన్నాడట. తేజేశ్వర్ అనడం నోరు తిరగక టీజే అని పిలిచేవాడు.

అంతకుముందు మా ఆయన ఆఫీసు స్నేహితుడితో కలిసి డబ్బాలో దొరికే మాల్ట్ పాకంతో, అంటే మొలక బార్లీ సారంతో, రెండుసార్లు బీరు చేశారు. అది పొడి కలుపుకుని కాఫీ తాగడం లాంటిదట. గింజల నుంచి చేయడమంటే మొదటి నుంచీ చేయడం. ఈ మాట రేణు చెవిన పడింది. రేణుది కరీంనగర్, నాలుగు వీధుల అవతల ఉండేది. నన్ను కొట్టుకీ గుడికీ కార్లో తీసుకెళ్లేది తనే.

"ఏంది వసుమతీ, మీ ఆయన ఇంట్ల బట్టీ పెట్టిండంట గద? మా నీరజ్ అప్పుడే గ్లాసు కడుక్కొని కూసున్నడు."

నవ్వాను. పది రోజుల్లో అదే మొదటిసారి నవ్వడం.

శుక్రవారం బ్యాగు వచ్చింది. మొలకెత్తించి, ఎండబెట్టి, షాపులోనే మర పట్టించిన బార్లీ. ఆయన ఫోన్ ఇంటర్వ్యూలో ఉన్నారు. నేను బ్యాగు విప్పి చేయి పెట్టాను. మొలకెత్తిన రాగుల కమ్మని వాసనే. కానీ ఏం గింజలవి? సగం పగిలిన నూక, దాని నిండా పిండి దుమ్ము, పైన తేలే పొట్టు. మా నాయనమ్మ చూసి ఉంటే కొట్టువాడికి తిప్పి పంపేది. ఇలాంటివి ఎవరైనా నీళ్లలో పోస్తారా అనిపించింది.

పెళ్లిలో వాయనానికి వాడిన చిన్న వెదురు చేట సూట్‌కేసు అడుగున తెచ్చుకున్నాను. ఇండియన్ స్టోర్‌లో కొన్న రవ్వ జల్లెడ ఉంది. వెనక వరండాలో దుప్పటి పరుచుకుని కూర్చున్నాను. దోసిళ్లతో జల్లెడలో పోసి జల్లించాను. మిగిలినదాన్ని చేటలో చెరిగాను. గాలికి పొట్టు గడ్డి మీదికి ఎగిరిపోయింది. రెండేళ్లయింది చేట పట్టి, అయినా మణికట్టు మరిచిపోలేదు. రెండు గంటల పని. చివరికి గింజ ముత్యాల్లా వచ్చింది. మళ్లీ అదే బ్యాగులో పోసి, మడతపెట్టి, క్లిప్పు పెట్టాను. ఆయనకు చెప్పలేదు. బియ్యంలో రాళ్లు ఏరానని ఎవరైనా చెబుతారా?

జల్లెడ కింద పడిన పిండి కిలో పైనే ఉంది. తియ్యగా, వాసనగా ఉంది. పారేయడానికి మనసొప్పలేదు. డబ్బాలో పోసి మూత పెట్టాను.

శనివారం ఉదయం ఎనిమిదింటికి గరాజ్ తలుపెత్తారు. వేన్ మడతకుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. పని చూస్తే కష్టమైనదేమీ కాదు. వేలు పెడితే ఓర్చుకోలేనంత వేడి నీళ్లను కూలర్‌లో పోసి, గింజ కలిపి, మూతపెట్టి గంట ఉంచాలి. ఆ గంటలో గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. తర్వాత కుళాయి తిప్పి ఆ తీపి నీళ్లు వంపుకోవాలి. మళ్లీ వేడి నీళ్లు పోసి, మిగిలిన తీపిని కూడా కడిగి దింపుకోవాలి. ఆ నీళ్లను మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి బకెట్‌లో పెట్టాలి. గింజలో ఉన్న తీపిలో ఎంత భాగం మనం దింపుకున్నామన్నదే అసలు లెక్క. దాన్ని ఎఫిషియెన్సీ అంటారు. మా ఆయన డెబ్బై అయిదు శాతం అనుకుని దిగారు.

కుళాయి తిప్పితే నీళ్లు దారం అంత సన్నగా వచ్చి ఆగిపోయాయి. గొట్టంలోకి నోటితో ఊదారు. కలియబెట్టారు. గంటలో అయ్యే పని రెండున్నర గంటలు పట్టింది. చివర గాజు గొట్టంలో ఆ నీళ్లు పోసి, తీపిని కొలిచే గాజు పుల్లను తేలేలా వదిలారు. దాని మీది అంకెను ఫోన్‌లో కొట్టారు.

"యాభై నాలుగు," అన్నారు.

మొదటిసారికి తప్పులేదని వేన్ భుజం తట్టాడు. ఆయన తల ఊపారు కానీ, ఆ ముఖం నాకు తెలుసు. మెయిల్ తెరిచి మూసేటప్పటి ముఖమే అది.

ఆ సాయంత్రం డబ్బాలోని పిండిలో కాస్త గోధుమపిండి, ఉల్లిపాయ తరుగు, పచ్చిమిరప కలిపి రొట్టెలు కాల్చాను. మూడు తిన్నారు. ఆ రెండు వారాల్లో ఆయన మూడు తినడం అదే మొదలు.

"ఇది ఆ బార్లీయేనా? నీళ్లు దింపాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి పిండి చేసుకోవచ్చని వేన్ అన్నాడు. అప్పుడే చేసేశావా?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. రిక్రూటర్. రొట్టె చేతిలోనే ఉండగా లేచి లోపలికి వెళ్లారు. పిప్పి ఎక్కడిది, అదంతా వేన్ తన కూతురి కోళ్లకు తీసుకుపోయాడు. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. చెప్పాల్సినంత పెద్ద విషయమని కూడా అనుకోలేదు.

ఆ మర్నాటి నుంచి ఆయన లాప్‌టాప్‌లో ఇంకో షీట్ మొదలైంది. నీళ్ల వేడి ఎంత, గింజ ఎంత, ఎంతసేపు, ఎన్నిసార్లు కలిపారు. చివర గడి పేరు ఇందులోనూ ‘కారణం’. ఇందులో మాత్రం రాసుకోవడానికి బోలెడు దొరికేవి. వేడి సరిగా కొలవలేదు. ఉండలు కట్టాయి. కడగడం తొందరగా చేశాను. ఉదయం ఉద్యోగాలు, మధ్యాహ్నం బార్లీ. పాత మెయిళ్లు తవ్వడం తగ్గింది. నాకు అదే పదివేలు అనిపించింది.

రెండోసారి కొత్త బ్యాగుతో పాటు కొత్త థర్మామీటర్ వచ్చింది. ఒక్క ఉండ లేకుండా పదిహేను నిమిషాలు కలిపారు. దుప్పట్లు చుట్టి వేడి నిలబెట్టారు. నేను ముందురోజు ఇంకా శ్రద్ధగా చెరిగాను. కూలర్ మూత తీశాక వేన్ వంగి, గుప్పెడు తీసి అరచేతిలో ఆడించి ఏదో అన్నాడు. అతని మాటలు నాకు సగం అందవు, పళ్ల మధ్యే నమిలేస్తాడు. ‘క్లీన్’ అన్నది ఒక్కటే అందింది. గింజను మెచ్చుకుంటున్నాడనుకున్నాను. టీ కప్పులు ఇస్తూ ఆయనకేసి చూసి నవ్వాను కూడా.

నీళ్లు మళ్లీ ఆగిపోయాయి. గాజు పుల్ల మళ్లీ అక్కడే తేలింది. యాభై నాలుగు.

మా ఆయన కూలర్ పక్కన నేల మీద కూర్చుండిపోయారు. ప్యాంటు తడిసింది, లేవలేదు.

"అన్నీ చెప్పినట్టే చేశాను," అన్నారు, నాతో కాదు, వేన్‌తోనూ కాదు. "అన్నీ చెప్పినట్టే చేశాను కదా."

షాపుకు మెయిల్ రాశారు. మర బాగానే ఉంది, చూసుకున్నాం, మీ నీళ్ల పులుపు సరిగా ఉందేమో చూసుకోండని మర్యాదగా జవాబు వచ్చింది. ఆయన ఆ రాత్రంతా నీళ్ల గురించే చదివినట్టున్నారు. చుక్కలు చుక్కలుగా వేసే ఆమ్లం సీసా, పులుపు చూసే చిన్న మీటర్, ఇంకో రెండు బ్యాగుల బార్లీ ఆర్డర్ పెట్టారు.

అప్పటికి ముప్పై రోజులు దాటాయి. షీట్‌లో వరసలు డెబ్బై. వేరే రాష్ట్రంలో, ఇర్వింగ్ అనే ఊళ్లో ఒక కంపెనీ మాత్రం రెండు రౌండ్లు పూర్తిచేసి, చివరి రౌండ్‌కు మనిషిని రమ్మంది. అది తప్ప ఇంకేదీ ఆ దాకా పోలేదు.

ఆ శుక్రవారం రేణు కూతురు హంసికకు జ్వరం. నీరజ్ ఊళ్లో లేడు, రేణుకు ఆఫీసు. వచ్చి తీసుకెళ్లింది. ఆ రాత్రి అక్కడే ఉండిపోయి, శనివారం మధ్యాహ్నం దిగబెట్టింది. కారు మా వీధి మలుపు తిరగగానే డ్రైవ్‌వేలో మా ఆయన కనిపించారు. చొక్కా తడి, కాళ్లకు చెప్పుల్లేవు. నేను డోరు తెరవకముందే కిటికీ దగ్గరికి వచ్చేశారు.

"డెబ్బై నాలుగు, వసూ."

బ్యాగులు నిన్న మధ్యాహ్నం వచ్చాయట. పొద్దున్నే మొదలుపెట్టారట. నీళ్లు కుళాయి తిప్పగానే ధారగా దిగాయట, చూడాల్సిందట. "నాలుగు చుక్కలు. నాలుగే చుక్కల ఆమ్లం. ఇన్నాళ్లూ అదే తప్పు. నేను వేడి, కలపడం, అన్నీ చూసుకున్నాను కానీ నీళ్లు చూసుకోలేదు." వేన్ కుర్చీలోంచే చేయెత్తి, "యూ గాట్ ఇట్, టీజే," అన్నాడు. రేణు కారు దిగకుండానే, "ఇగ జాబ్ గూడ వస్తది అన్నా, రాసిపెట్టుకో," అంది.

నేను లోపలికి వెళ్లాను. గట్టు మీద రెండో బ్యాగు సీలు తీయకుండా ఉంది. మొదటిది ఖాళీ. జల్లెడ మేకుకు వేలాడుతోంది, పొడిగా. చేట ఫ్రిజ్ మీద ఉంది. డబ్బా మూత తీశాను. పోయినసారి పిండి అడుగున కొంచెం మిగిలి ఉంది. నా గుప్పిట్లోకి తీసుకుని చూశాను. మెత్తటి, తెల్లటి, తియ్యటి పిండి.

ఏది పోయిందో, ఎక్కడికి పోయిందో అప్పుడు అర్థమైంది. ఆ కూలర్‌లోకి దిగాల్సిన తీపి రెండుసార్లు మా పెనం మీదికి వచ్చింది. నీళ్లు దిగడానికి దారి ఇచ్చే పొట్టును నేనే గడ్డి మీదికి ఎగరేశాను. ఆయన మూడు వారాలు తడి నేల మీద కూర్చుని వెతుక్కున్న తప్పు నా మణికట్టులో ఉంది.

గరాజ్‌లోంచి ఆయన నవ్వు వినిపించింది. మే నెల తర్వాత ఆ నవ్వు వినలేదు. బుధవారం ఇర్వింగ్ వెళ్లాలి. డబ్బా మూత పెట్టి, చేతులు కడుక్కుని, అన్నం వండాను.

మంగళవారం బయలుదేరాం. అయిదున్నర గంటల దారి. దారిపొడుగునా ఆయనే మాట్లాడారు. ఓక్లహోమా దాటేదాకా నీళ్ల గురించి, తర్వాత రేపటి గురించి.

"ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది వసూ. మనకు కనపడదంతే. ఓపికగా ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే దొరుకుతుంది. ఈ ఉద్యోగం విషయంలోనూ అంతే. మొదటి ఇంటర్వ్యూల్లో ఎక్కువ మాట్లాడేవాణ్ని. ఇప్పుడు తగ్గించాను. చూడు, చివరి రౌండ్ దాకా వచ్చింది."

రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. చెప్పడానికి అంతకన్నా తీరిక ఎప్పుడూ దొరకదు. రెండుసార్లు గొంతు సర్దుకున్నాను. చెబితే ఏమవుతుంది? తప్పు ఆయనది కాదని తేలుతుంది. గెలుపు కూడా ఆయనది కాదని తేలుతుంది. రెండింటిలో ఏది ఆయనకు ఎక్కువ అవసరమో నాకు తెలియలేదు. మర్నాడు ఉదయం పది గంటలకు ఆయన ఒక గదిలోకి వెళ్లి, తాను తప్పులు కనిపెట్టి సరిదిద్దగలవాణ్నని చెప్పాలి. ఆ మాట నమ్ముతూ చెప్పాలి.

"నీళ్లు కావాలా?" అని బాటిల్ అందించాను.

ఇంటర్వ్యూ బాగా జరిగింది. నలుగురూ చేతులు కలిపారట. ఒకాయన పార్కింగ్ దాకా వచ్చి, ఇల్లు చూసుకోవాలంటే ఏ వైపు బాగుంటుందో కూడా చెప్పాడట. తిరుగుదారిలో మేం ఇండియన్ కొట్లున్న వీధిలో ఆగి దోసె తిన్నాం. వంట సామాన్ల కొట్టు ముందు ఆగి, ఇక్కడికొస్తే నీకు అన్నీ నడిచివెళ్లేంత దగ్గరే అన్నారు. నేను అపార్ట్‌మెంట్ల బాల్కనీలు చూసుకుంటూ నడిచాను. ఒక దాంట్లో తులసి కుండీ ఉంది.

తొమ్మిది రోజుల తర్వాత మెయిల్ వచ్చింది. మీరు మాకు బాగా నచ్చారు, కానీ ఈ పోస్టును ప్రస్తుతానికి ఆపేశారు, ఎవరినీ తీసుకోవడం లేదు అని. ఆయన దాన్ని గట్టిగా చదివి వినిపించారు. షీట్ తెరిచి, ఆ వరస దగ్గర ‘కారణం’ గడిలో నొక్కారు. గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. ఏమీ రాయకుండా మూసేశారు. నలభై ఆరో రోజు.

మర్నాడు శనివారం. బకెట్‌లో రెండు వారాలు పూర్తయ్యాయి, సీసాల్లో పోయాలి. పోయరేమో అనుకున్నాను. పోశారు. చక్కెర నీళ్లు కొలిచి కలిపారు. నేను సీసాలు అందించాను, ఆయన మూతలు బిగించారు. నలభై ఎనిమిది. సీసాల్లో పోశాక రెండు వారాలు కదపకుండా ఉంచితేగాని నురగ కట్టదు. మేం పద్నాలుగు రోజులు ఉండటం లేదు. గడువు దాటకుండా దేశం వదలడానికి విమానం టికెట్లు పదకొండో రోజుకు దొరికాయి. మూడు రోజులు తక్కువ.

సీసాలన్నీ వేన్ గరాజ్‌కు మోసుకెళ్లాం. గిన్నె, కూలర్, బకెట్లు కూడా తిరిగి ఇచ్చేశాం. మా ఆయన తన షీట్‌ను ప్రింట్ తీసి వేన్‌కు ఇచ్చారు. నాలుగు చుక్కల దగ్గర కింద గీత గీసి ఉంది. నీకు ఎప్పుడైనా మళ్లీ చేయాలనిపిస్తే, ముందు నీళ్లు చూసుకో అని చెప్పారు. వేన్ కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. చదివి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ కాగితంలో అన్నీ ఉన్నాయి, నేను తప్ప.

చివరి వారం ఇల్లు ఖాళీ అవుతూ వచ్చింది. మంచం, టీవీ ఎవరో వచ్చి తీసుకెళ్లారు. జల్లెడ, మిక్సీ, పప్పుడబ్బాలు రేణుకిచ్చాను. మిక్సీ బయలుదేరే రోజుదాకా ఉంచుకో అంది. గట్టు మీద రెండో బార్లీ బ్యాగు అలాగే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు. గింజను చెత్తబుట్టలో వేయడం నాకు చేతకాదు.

బయలుదేరేరోజు తెల్లవారుజామునే లేచి బ్యాగు విప్పాను. రెండు గిన్నెలు తీసుకుని, ఉన్నది ఉన్నట్టు మిక్సీలో వేసి, గోధుమపిండి చివరి గుప్పెడు కలిపి రొట్టెలు కాల్చాను. దారిలోకి కొన్ని, ఇప్పుడు తినడానికి కొన్ని. జల్లెడ లేదు కదా, అందుకే జల్లించలేదని నాకు నేను చెప్పుకున్నాను.

కుర్చీలు లేవు. హాల్లో కార్పెట్ మీద, సూట్‌కేసుల మధ్య కూర్చుని కాగితం ప్లేట్లలో తిన్నాం. ఆయన రెండో ముక్క నములుతూ ఆగారు.

"పొట్టు తగులుతోందేంటి?"

"ఇది జల్లించలేదు."

"ముందువి జల్లించావా?"

"ఊఁ."

"పిప్పిని జల్లిస్తే పిండి ఎక్కడొస్తుంది? తడిది కదా."

"పిప్పి కాదండీ." ప్లేటు అంచు నా వేళ్ల కింద నలుగుతోంది. "బ్యాగు వచ్చిన రోజే జల్లించి, చెరిగి పెట్టేదాన్ని. మీరు నీళ్లలో పొయ్యకముందే. మొదటి రెండుసార్లు. మూడోసారి నేను రేణు వాళ్లింట్లో ఉన్నాను."

ఆయన నమలడం మానేశారు. కిటికీకి కర్టెన్లు లేవు, ఎండ నేరుగా ఆయన ముఖం మీద పడుతోంది. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండుననిపించింది.

"ఎంత?"

"కిలోంపావు. బ్యాగుకి."

ఫోన్ తీశారు. రొట్టె పట్టుకున్న చేత్తోనే అంకెలు కొట్టారు. ఒకసారి చెరిపేసి మళ్లీ కొట్టారు. తర్వాత ఫోన్‌ను నావైపు తిప్పారు, ఆ లెక్క నాకు అర్థం కాదని తెలిసి కూడా.

"డెబ్బై నాలుగు," అన్నారు. "ఆ పిండి తీసేసి లెక్కేస్తే మొదటిసారి కూడా డెబ్బై నాలుగే. రెండోసారీ అంతే."

నేను తల వంచుకున్నాను.

"అంటే మొదటి నుంచీ సరిగ్గానే చేశాను."

"సరిగ్గానే చేశారు," అన్నాను. మళ్లీ అన్నాను. "మొదటి నుంచీ సరిగ్గానే చేశారు."

ఆయన గోడకు తల ఆనించి కాసేపు ఖాళీ వంటింటి వైపు చూశారు. సింకు పక్కన ముళ్ల మొక్క కుండీ ఒక్కటే ఉంది. దాన్ని విమానంలో తీసుకెళ్లనివ్వరు. సంతోషమో, ఇంకేదో, ఈ రెండేళ్లలో ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా ఆ ముఖంలో ఉన్నదేమిటో నాకు తెలియలేదు.

బయట వేన్ ట్రక్కు వచ్చి ఆగింది. ఎయిర్‌పోర్టుకు తనే దింపుతానన్నాడు. హారన్ ఒక్కసారి, మెల్లగా కొట్టాడు. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. పళ్ల మధ్య ఇరుక్కున్న పొట్టును వేళ్లతో తీసి ప్లేటు అంచున పెట్టి, ప్లేటు నావైపు జరిపారు.

"ఇంకోటి ఉందా?" అన్నారు.

దారి కోసం కట్టిన పొట్లం విప్పాను.